హెచ్‌డీ డిస్కుకు ఏ పేరు రాయాలి?

వీసీడీ, డీవీడీ, హెచ్‌డీ డీవీడీ, బ్లూరే, అల్ట్రా హెచ్‌డీ బ్లూరే. ఈ అయిదింటినీ పెట్టెల్లోంచి తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టండి. అన్నీ 12 సెంటీమీటర్ల వెడల్పే, 1.2 మిల్లీమీటర్ల మందమే, నడుమ బెజ్జం కూడా ఒకే కొలత. వెలుతురులో తిప్పి చూస్తే మెరుపు ఛాయలో కొద్దిగా తేడా కనిపిస్తుంది గానీ, దాన్ని బట్టి ఇది ఫలానాదని తేల్చడం ఏళ్ల తరబడి డిస్కులు పట్టుకున్నవాళ్లకు కూడా కష్టమే. ప్లేయర్‌కు మాత్రం ఆ తేడాయే సర్వస్వం. డీవీడీ ప్లేయర్ బ్లూరేను చదవలేదు. బ్లూరే ప్లేయర్ సాధారణంగా హెచ్‌డీ డీవీడీని చదవలేదు. మామూలు బ్లూరే ప్లేయర్‌లో అల్ట్రా హెచ్‌డీ డిస్కు పెడితే బొమ్మ రాదు. కంటికి అందని ఈ తేడాను పాఠకుడికి, ప్రేక్షకుడికి చెప్పవలసింది లైబ్రరీ నమోదులో ఆ డిస్కుకు రాసిన పేరు, దాని కింద రాసిన నాలుగు వాక్యాల వివరణ.

ఆ పేరు ఎలా రాయాలన్న విషయంలో దాదాపు 20 ఏళ్లుగా ఎవరి దారి వారిదిగానే సాగుతోంది. గ్రంథాలయాల క్యాటలాగర్లకు ఒక పద్ధతి ఉంది. ఫిల్మ్ ఆర్కైవుల వాళ్లకు మరొకటి. ఇంట్లో హార్డ్ డిస్కుల్లో సినిమాలు దాచుకుని కోడి, ప్లెక్స్, జెల్లీఫిన్ లాంటి సాఫ్ట్‌వేర్లతో చూసుకునేవాళ్లకు ఇంకొకటి. బజారుది వేరే భాష. వీటన్నిటినీ కలిపి చూశాక నాకు తేలిన సంగతి ఒకటే. ఫైలును తెరిచి యంత్రం ఎప్పుడైనా చదువుకోగల వివరాలను మనం పేర్లలో కుక్కుతున్నాం, ఒకసారి పోతే ఎవరూ తిరిగి కనిపెట్టలేని వివరాలను రాయకుండా వదిలేస్తున్నాం. చిక్కంతా అక్కడ ఉంది.

ముందు ఫార్మాట్ల సంగతి. హెచ్‌డీ డిస్కు అనగానే బ్లూరేతో కథ మొదలుపెట్టడం అలవాటైపోయింది. నిజానికి జపాన్‌లో 1994లోనే హై-విజన్ లేజర్‌డిస్కులు అమ్మకానికి వచ్చాయి. మ్యూజ్ అనే పద్ధతిలో కుదించిన అనలాగ్ సంకేతం, 1125 గీతల వ్యవస్థ, 30 సెంటీమీటర్ల డిస్కు. కాబట్టి హెచ్‌డీ డిస్కులన్నీ డిజిటలే అనుకున్నా పొరపాటే, అన్నీ ఒకే సైజు అనుకున్నా పొరపాటే. 2003లో అమెరికాలో ‘టెర్మినేటర్ 2’ ఎక్స్‌ట్రీమ్ ఎడిషన్ వచ్చింది. దానితో ఇచ్చిన ఒక డీవీడీలో విండోస్ మీడియా ఫైలుగా 1080 గీతల ప్రతి పెట్టారు. అది కంప్యూటర్‌లో చూసుకోవడానికే. వస్తువు డీవీడీ, బొమ్మ హెచ్‌డీ. నమోదులో ‘డీవీడీ’ అని రాసి ఊరుకుంటే ఆ డిస్కు ప్రత్యేకత మరుగున పడిపోతుంది. ‘హెచ్‌డీ డీవీడీ’ అని రాస్తే మూడేళ్ల తర్వాత వచ్చిన పూర్తిగా వేరే ఫార్మాట్‌తో కలిసిపోతుంది.

ఆ వేరే ఫార్మాట్ 2006 మార్చిలో జపాన్‌లో, ఏప్రిల్‌లో అమెరికాలో తోషిబా నాయకత్వాన బయటికి వచ్చింది. జూన్‌లో సోనీ తదితరుల బ్లూరే దిగింది. రెండింటిదీ 405 నానోమీటర్ల నీలి ఊదా లేజరే. తేడా అంతా డేటా పొర ఎంత లోతున ఉందన్న దగ్గర వచ్చింది. హెచ్‌డీ డీవీడీలో అది డీవీడీలో మాదిరే 0.6 మిల్లీమీటర్ల లోపల ఉంటుంది, కాబట్టి పాత యంత్రాలను కొద్దిగా మార్చి అచ్చు వేయవచ్చు. బ్లూరేలో ఆ పొర ఉపరితలానికి 0.1 మిల్లీమీటర్ దూరంలోనే ఉంటుంది. లేజర్‌ను మరింత సన్నటి చుక్కగా కేంద్రీకరించవచ్చు, గీతలను దగ్గర దగ్గరగా పరచవచ్చు. ఫలితంగా ఒక్కో పొరకు బ్లూరేలో 25 గిగాబైట్లు పడితే హెచ్‌డీ డీవీడీలో 15 పట్టాయి. 2008 జనవరి 4న వార్నర్ బ్రదర్స్ ఇకపై బ్లూరే మాత్రమే అని ప్రకటించింది. ఫిబ్రవరి 19న తోషిబా తప్పుకుంది. రెండేళ్లు నిండకుండానే ఒక ఫార్మాట్ చరిత్రలో కలిసింది. దాని సాంకేతికత ఆధారంగా చైనాలో సీబీహెచ్‌డీ అనే డిస్కు 2009లో వచ్చింది గానీ నిలదొక్కుకోలేదు.

చనిపోయిన ఫార్మాట్ గురించి ఇంత ఎందుకంటే, లైబ్రరీలో అది ఇంకా బతికే ఉంటుంది. అప్పట్లో కొన్న డిస్కులు బీరువాల్లో ఉన్నాయి. వాటి నుంచి తీసిన ఫైళ్లు హార్డ్ డిస్కుల్లో ఉన్నాయి. పైగా మన ఊళ్లలో ఆ పేరు మరో అర్థంలో స్థిరపడింది. ‘హెచ్‌డీ డీవీడీ’ అని అడిగితే ఇక్కడ ఎవరికీ తోషిబా గుర్తుకు రాదు, ‘ప్రింటు బాగున్న డీవీడీ’ అనే అర్థమవుతుంది. అందుకే ఈ మాటను నమోదులో వాడేటప్పుడు 2006 నాటి ఫార్మాట్‌కే పరిమితం చేయాలి. డీవీడీ మీద కాపీ చేసిన హెచ్‌డీ ఫైలుకు ‘డేటా డీవీడీ, 1080 గీతల ఫైలు’ అని విడమర్చి రాయడం మేలు. క్యామ్‌కార్డర్ల కోసం 2006లో సోనీ, పానసోనిక్ తెచ్చిన ఏవీసీహెచ్‌డీ పద్ధతిలో డీవీడీ మీద రికార్డు చేసిన పెళ్లి వీడియోలు, వార్షికోత్సవాల వీడియోలు కూడా ఈ కోవలోవే. చాలా బ్లూరే ప్లేయర్లలో ఆడతాయి, పాత డీవీడీ ప్లేయర్లో ఆడవు. తీసినవాళ్లు వాటి మీద స్కెచ్ పెన్నుతో ‘డీవీడీ’ అనే రాసి ఇస్తారు.

బ్లూరే కూడా ఒక్కటి కాదు, అదొక కుటుంబం. అచ్చువేసి అమ్మేది బీడీ-రామ్, ఒకసారి రాసుకునేది బీడీ-ఆర్, చెరిపి రాసుకునేది బీడీ-ఆర్ఈ. త్రీడీ ప్రమాణం 2009 డిసెంబరులో ఖరారైంది. 2010లో 100, 128 గిగాబైట్ల బీడీఎక్స్ఎల్ వచ్చింది. 2016 తొలి నెలల్లో అల్ట్రా హెచ్‌డీ బ్లూరే దుకాణాలకు చేరింది. ఇది పేరుకు బ్లూరేయే గానీ, 66, 100 గిగాబైట్ల డిస్కులు, హెచ్ఈవీసీ కోడెక్, వెలుగునీడల వ్యాప్తిని పెంచే హెచ్‌డీఆర్, కొత్త కాపీ రక్షణ అన్నీ కలిసి వేరే ప్లేయర్‌ను కోరతాయి. చుక్కల లెక్కలో చూస్తే అమెరికా పద్ధతి డీవీడీలో ఒక ఫ్రేముకు 3,45,600 చుక్కలు. 1920×1080 బ్లూరేలో సరిగ్గా దానికి ఆరు రెట్లు. అల్ట్రా హెచ్‌డీలో బ్లూరేకు నాలుగు రెట్లు. ఈ మెట్లు స్పష్టంగా ఉన్నాయి కాబట్టే జనం చుక్కల సంఖ్యను ఫార్మాట్ పేరుగా వాడడం మొదలుపెట్టారు. ‘4కె’ అంటే డిస్కు, ‘4కె’ అంటే టీవీ, ‘4కె’ అంటే థియేటర్ రీ-రిలీజు. మహేశ్‌బాబు పుట్టినరోజుకు 2022 ఆగస్టులో ‘పోకిరి’ ప్రత్యేక ప్రదర్శనలు వేసినప్పటి నుంచి పోస్టర్ల మీద 4కె అన్న మాట తెలుగునాట మామూలైపోయింది. అది థియేటర్‌లో వేసిన ప్రతికి సంబంధించిన మాట. దాన్ని చూసి లైబ్రరీలోని డిస్కుకు 4కె అని రాస్తే లేని వస్తువును ఉన్నట్టు చెప్పినట్టే. డిస్కు అట్ట మీద నిజంగానే 4కె అని ఉన్నా, ఆ సినిమా కంప్యూటర్‌లో 2కె స్థాయిలోనే పూర్తయి తర్వాత పెద్దది చేసినది కావచ్చు. హాలీవుడ్ డిస్కుల్లో అలాంటివి కోకొల్లలు. ఫార్మాట్ ఒకటి, మూలప్రతి స్థాయి ఇంకొకటి.

ఇక పద్ధతుల దగ్గరికి వస్తాను. గ్రంథాలయ ప్రపంచంలో పాత ఏఏసీఆర్2 నియమాల స్థానంలో 2010లో ఆర్‌డీఏ వచ్చింది. దాని ప్రకారం ప్రతి వీడియో డిస్కుకూ వాహకం రకం ‘వీడియోడిస్క్’. 1978 నాటి లేజర్‌డిస్కుకూ అదే మాట, నిన్న కొన్న అల్ట్రా హెచ్‌డీకీ అదే మాట. భౌతిక వివరణలో ‘1 వీడియోడిస్క్, శబ్దసహితం, రంగులు, 12 సెం.మీ.’ అని రాస్తారు. ఇందులో అబద్ధం లేదు, పనికొచ్చేదీ పెద్దగా లేదు. అసలు సంగతి క్యాటలాగును కంప్యూటర్ చదివేలా రాసే మార్క్ 21 రికార్డులో మరికొన్ని గదుల్లో ఉంటుంది. 007 అనే గదిలో ఒక్క అక్షరంతో ఫార్మాట్ చెబుతారు. డీవీడీకి ‘వి’, బ్లూరేకు ‘ఎస్’, లేజర్‌డిస్కుకు ‘జి’. 346లో ఎన్‌టీఎస్‌సీ, పాల్ లాంటి ప్రసార ప్రమాణం. 347లో ఎన్‌కోడింగ్ పద్ధతి, రీజియన్ కోడు. 538లో మామూలు మాటల్లో వివరణ, అంటే ఏ ప్లేయర్ కావాలి, శబ్దం ఎన్ని చానళ్లు, తెర నిష్పత్తి ఎంత అన్నవి.

ఈ అమరిక చాలా ఆలోచించి చేసింది. వస్తువు ఏమిటి, దాని మీద రాసిన పద్ధతి ఏమిటి అన్న రెంటినీ విడదీసింది. అమెరికాలోని దృశ్యశ్రవ్య క్యాటలాగర్ల సంఘం ఓలాక్ డీవీడీ, బ్లూరేల కోసం ప్రత్యేకంగా మార్గదర్శిని తయారు చేసింది. ఒకే పెట్టెలో బ్లూరే, డీవీడీ కలిపి అమ్మే కాంబో ప్యాకుల లాంటి చిక్కులన్నీ అక్కడ ఎదురవుతాయి. లోపమల్లా ఆచరణలో ఉంది. ఒక అల్ట్రా హెచ్‌డీ డిస్కు రికార్డును తీసుకోండి. వాహకం రకం చెప్పే 338లో ‘వీడియోడిస్క్’, 007లో ‘ఎస్’, 347లో ‘బ్లూరే’. మూడూ సరైనవే. 538లో ఎవరైనా ఓపిక చేసి ‘అల్ట్రా హెచ్‌డీ ప్లేయర్ ఉండాలి’ అని రాస్తే సరి, రాయకపోతే ఆ డిస్కు తీసుకెళ్లినవాడికి ఇంటికి వెళ్లి ప్లేయర్‌లో పెట్టేదాకా సంగతి తెలియదు. వెతికే తెర మీద ‘బ్లూరే’ అన్న బొమ్మ ఒకటే కనిపిస్తుంది. యంత్రం చదివే అక్షరం దగ్గర తేడా చూపలేనప్పుడు మనిషి చదివే వాక్యంలో తప్పనిసరిగా చూపాలి. నన్నడిగితే, ఈ ఒక్క వాక్యం మిగతా గదులన్నిటి కంటే ముఖ్యం.

ఫిల్మ్ ఆర్కైవుల దృష్టి ఇంకా లోతైనది. అంతర్జాతీయ ఫిల్మ్ ఆర్కైవుల సమాఖ్య ఫియాఫ్ 2016లో వెలువరించిన క్యాటలాగింగ్ మాన్యువల్ నాలుగు అంతస్తులు చెబుతుంది. కృతి, దాని పాఠాంతరం, అది బయటికి వచ్చిన రూపం, చేతిలో ఉన్న ప్రతి. తెలుగు సినిమాకు ఈ విభజన ఎంత అవసరమో చూడడానికి ‘మాయాబజార్’ ఒక్కటి చాలు. 1957లో కె.వి.రెడ్డి దర్శకత్వంలో విజయా వారు దాన్ని తెలుగులోనూ తమిళంలోనూ తీశారు. ఘటోత్కచుడు రెండింటిలోనూ ఎస్వీ రంగారావే, శశిరేఖ సావిత్రే. అభిమన్యుడు మాత్రం తెలుగులో అక్కినేని, తమిళంలో జెమినీ గణేశన్. 2010లో హైదరాబాద్‌లోని గోల్డ్‌స్టోన్ సంస్థ తెలుగు ప్రతికి రంగులద్ది, తెరను సినిమాస్కోప్‌కు మార్చి, శబ్దాన్ని డీటీఎస్ చేసి విడుదల చేసింది. ఇప్పుడు ఎవరైనా ‘మాయాబజార్, హెచ్‌డీ’ అని రాసిన ఫైలు చేతికిస్తే అందులో ఏముంది? నలుపు తెలుపుల మూలమా, రంగులద్దినదా? అసలు నిష్పత్తిలో ఉన్న ఫ్రేమా, పైనా కిందా కత్తిరించి వెడల్పు చేసినదా? ‘హెచ్‌డీ’ అన్న మాట ఈ ప్రశ్నల్లో దేనికీ జవాబు చెప్పదు. సినిమాను ప్రేమించేవాడికి చుక్కల సంఖ్య కంటే ఈ జవాబులే కావాలి. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ కూర్చిన వెలుగునీడలు ఉన్న ప్రతి తక్కువ నాణ్యతలో ఉన్నా సరే, అది ఏదో గుర్తుపట్టి దాచుకోగలగాలి.

పాఠాంతరాల చిక్కు పాత సినిమాలతో పోలేదు. 2015 నాటి ‘బాహుబలి’ తెలుగు, తమిళాల్లో తీసిన సినిమా. హిందీ, మలయాళాల్లో అనువాదమైంది. విదేశీ ప్రేక్షకుల కోసం విన్సెంట్ టబయాన్ కూర్చిన కురచ ప్రతి ఒకటి ఉంది. 2025 అక్టోబరు 31న రెండు భాగాలనూ కలిపి ‘బాహుబలి: ది ఎపిక్’ విడుదల చేశారు. ఇవన్నీ ఒకే శీర్షిక కింద ఒకే సంచిలో పడితే ఏది ఏదో తర్వాత ఎవరు విడదీస్తారు?

ఇంటి లైబ్రరీల వాళ్లు ఈ సమస్యను తమ పద్ధతిలో ఎదుర్కొన్నారు. వాళ్ల సాఫ్ట్‌వేర్ ఫైలు పేరును చూసి ఇంటర్నెట్‌లోని సినిమా సమాచార నిధుల నుంచి పోస్టర్, నటీనటులు, కథా సారాంశం తెచ్చుకుంటుంది. కాబట్టి శీర్షిక, పక్కన బ్రాకెట్లో సంవత్సరం ఉండడం మొదటి నియమం. ‘దేవదాసు’ అని మాత్రమే రాస్తే 1953 నాటి వేదాంతం రాఘవయ్య సినిమా, 1974లో విజయనిర్మల తీసినది, 2006లో వై.వి.ఎస్.చౌదరి తీసినది, మూడూ పోటీకి వస్తాయి. సంవత్సరం రాస్తే తగువు తీరుతుంది. కూర్పుల కోసం ప్లెక్స్‌లో ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య ‘ఎడిషన్’ అని రాసి ఆ కూర్పు పేరు చేర్చే వీలుంది. జెల్లీఫిన్‌లో ఒకే ఫోల్డర్‌లో అదే శీర్షిక తర్వాత గీత పెట్టి తేడా రాస్తే అన్నీ ఒకే సినిమా కింద ప్రతులుగా కనిపిస్తాయి.

వీటిలో కోడి పద్ధతి నాకు ఎక్కువ విషయం నేర్పింది. 2014 వరకు ఎక్స్‌బీఎంసీ అని పిలిచిన సాఫ్ట్‌వేర్ ఇది. సినిమా వివరాల పక్కన చిన్న చిన్న గుర్తులు చూపిస్తుంది. 1080, కోడెక్, శబ్దపు చానళ్లు, వీటిని కోడి ఫైలు లోపలి నుంచి తనే చదువుకుంటుంది. ‘బ్లూరే’, ‘హెచ్‌డీ డీవీడీ’, ‘డీవీడీ’ అన్న మూలం గుర్తును మాత్రం ఫైలు పేరులో మనం రాసిన మాటను బట్టే చూపిస్తుంది. కారణం ఉంది. డిస్కు నుంచి తీసి ఎంకేవీగా మార్చిన ఫైలులో చుక్కలు ఎన్నో తెలుస్తాయి, సెకనుకు ఎన్ని మెగాబిట్లో తెలుస్తుంది. తను ఏ డిస్కు నుంచి వచ్చిందో మాత్రం ఫైలుకు తెలియదు. అలా తీసిన 1080 గీతల ఫైలు బ్లూరేది కావచ్చు, హెచ్‌డీ డీవీడీది కావచ్చు, టీవీ ప్రసారం నుంచి పట్టినది కావచ్చు, ఓటీటీ నుంచి దింపినది కావచ్చు. లోపలి కోడెక్ చూసి ఊహించవచ్చుగానీ నిర్ధారించలేం. బ్లూరే, హెచ్‌డీ డీవీడీలు రెండూ ఎంపెగ్-2, హెచ్.264, వీసీ-1 అనే అవే మూడు కోడెక్‌లను అనుమతించాయి మరి.

చేత్తో రాయాల్సింది ఏమిటో ఇక్కడే తేలిపోతుంది. మీడియాఇన్ఫో లాంటి ఉచిత సాధనం క్షణంలో చెప్పగల 1080ని, కోడెక్‌ను పేరులో రాసినా నష్టం లేదు, రాయకపోయినా నష్టం లేదు. మూలం, కూర్పు, భాషాపాఠం రాయకపోతే మాత్రం శాశ్వతంగా పోయినట్టే. ఇళ్లలో కనిపించే ఫైలు పేర్లలో సరిగ్గా దీనికి తలకిందులు జరుగుతుంది.

ఆ తలకిందుల అలవాటు వచ్చింది దొంగ ప్రతుల లోకం నుంచి. బీడీరిప్, బీఆర్‌రిప్, వెబ్-డీఎల్, హెచ్‌డీటీవీ, రీమక్స్ అంటూ చుక్కలు పెట్టి వరుసగా రాసే ఆ పేర్లు చట్టం తెలియనివే గానీ, న్యాయంగా ఒప్పుకోవాల్సింది ఒకటుంది. మూలం ముఖ్యమని లైబ్రరీల బయట మొదట గుర్తించింది వాళ్లే. రీమక్స్ అంటే డిస్కులోని బొమ్మను, శబ్దాన్ని మళ్లీ కుదించకుండా పెట్టె మార్చడం. రిప్ అంటే సాధారణంగా మళ్లీ కుదించినది. 30 గిగాబైట్ల రీమక్స్, 2 గిగాబైట్ల రిప్, రెండూ 1080 గీతలే, రెండింటి మీదా ‘బ్లూరే’ అనే ఉంటుంది. కాబట్టి లైబ్రరీ భాషలో ‘బ్లూరే’ అన్న మాటను డిస్కుకే ఉంచి, ఫైలుకు ‘బ్లూరే నుంచి, కుదించనిది’ లేదా ‘బ్లూరే నుంచి, మళ్లీ కుదించినది’ అని రాయడం సబబు. డిస్కులోని రక్షణను ఛేదించడం గురించి మన కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో చేరిన 65ఎ సెక్షన్ ఉందని సంస్థలు నడిపేవాళ్లు మరవకూడదు. హక్కుల ఉల్లంఘన ఉద్దేశంతో చేస్తే రెండేళ్ల వరకు జైలు. వాణిజ్యేతర ప్రజా గ్రంథాలయాలకు భద్రపరచడం కోసం అదే చట్టం కొంత వెసులుబాటు ఇచ్చింది గానీ, అది గ్రంథాలయంలో అప్పటికే ఉన్న డిజిటలేతర ప్రతులకు సంబంధించినది.

డిస్కును మొత్తంగా కంప్యూటర్‌లోకి ఎక్కించుకునేవాళ్లకు మరో మెట్టు చిక్కు ఉంది. బ్లూరేను తెరిస్తే బీడీఎంవీ అనే ఫోల్డర్ కనిపిస్తుంది. అందులో స్ట్రీమ్ అన్న ఫోల్డర్‌లోకి వెళ్తే సినిమా పేరు ఎక్కడా ఉండదు. 00000, 00001 అంటూ అయిదంకెల పేర్లతో ఎం2టీఎస్ ఫైళ్లు వరుసగా ఉంటాయి. ఒకటి హెచ్చరిక, ఒకటి కంపెనీ చిహ్నం, ఒకటి మెనూ వెనక కదిలే బొమ్మ, ఇంకొకటి సినిమా. అన్నిటికన్నా పెద్ద ఫైలే సినిమా అని దాన్ని ఒక్కదాన్ని తీసి దాచుకునేవాళ్లు చాలామంది. ఎక్కువసార్లు అది నిజమే. కొన్ని డిస్కుల్లో సినిమా ముక్కలు ముక్కలుగా ఉండి, ఏ ముక్క తర్వాత ఏది రావాలో పక్కనున్న ప్లేలిస్ట్ ఫోల్డర్‌లోని ఎంపీఎల్ఎస్ ఫైలు చెబుతుంది. థియేటర్ కూర్పు, దర్శకుడి కూర్పు రెండూ ఉన్న డిస్కులో రెండు ప్లేలిస్టులు ఒకే ముక్కలను వేరువేరుగా కలుపుతాయి. భాషను బట్టి తెర మీది అక్షరాలు మారే సినిమాల్లో భాషకో ప్లేలిస్టు. అంటే కూర్పు తేడా ఈ చిన్న ఫైలులోనే ఉంది. ఫోల్డర్ మొత్తాన్ని ఉంచుకుంటే అది మిగులుతుంది, పెద్ద ఫైలును మాత్రమే తీస్తే పోతుంది. కోడి, జెల్లీఫిన్ ఈ ఫోల్డర్‌ను ఉన్నదున్నట్టుగా తీసుకుంటాయి. ప్లెక్స్ డిస్కు ఇమేజీలను, డిస్కు ఫోల్డర్లను అంగీకరించదు. ఏ సాఫ్ట్‌వేర్ వాడుతున్నామన్నది ఏం దాచుకుంటామన్న దాన్ని నిర్ణయించకుండా చూసుకోవాలి. ఒక ప్రతిని ఏ సంఖ్య గల ప్లేలిస్టు నుంచి తీశామో వివరణలో ఒక్క ముక్క రాసిపెట్టుకుంటే చాలు. హెచ్‌డీ డీవీడీలో ఫోల్డర్ పేరు హెచ్‌వీడీవీడీ_టీఎస్, ఫైళ్లు ఈవీఓ. డీవీడీలో వీడియో_టీఎస్, వీఓబీ. అట్ట పోయిన డిస్కు చేతికొస్తే దాన్ని గుర్తుపట్టడానికి నమ్మదగిన దారి ఈ ఫోల్డర్ పేరే.

నిడివి మీద కూడా ఒక మాట. సినిమా 24 ఫ్రేములు. పాల్ పద్ధతి డీవీడీ దాన్ని 25 ఫ్రేముల వేగంతో నడిపిస్తుంది. 150 నిమిషాల సినిమా 144 నిమిషాల్లో అయిపోతుంది. బ్లూరేలో అది మళ్లీ 150. ఈ ఆరు నిమిషాలు చూసి డీవీడీలో కోతలు పడ్డాయని, బ్లూరేలో కొత్త సన్నివేశాలు చేర్చారని రాసిన వివరణలు తిరుగుతుంటాయి. నిడివి పక్కన ఫ్రేముల వేగం రాస్తే ఈ గందరగోళం పుట్టదు.

రీజియన్ సంగతి ప్రవాస కుటుంబాలకు అనుభవమే. డీవీడీల్లో అమెరికా 1, భారత్ 5. బ్లూరేల్లో అమెరికా ఎ, భారత్ సి. పిల్లలు అమెరికా నుంచి తెచ్చిన హాలీవుడ్ బ్లూరే విజయవాడలోని ప్లేయర్‌లో ఆడకపోవడానికి డిస్కు పాడవడం కారణం కాకపోవచ్చు. అల్ట్రా హెచ్‌డీ డిస్కుల్లో ఈ రీజియన్ కట్టడి లేదు. ఒకే పెట్టెలో వచ్చిన రెండు డిస్కుల్లో 4కెది ఆడి, బ్లూరే ఆడకపోవడం అందువల్లే. కాంబో ప్యాకులకు ఒకే నమోదు ఇచ్చినా, డిస్కు డిస్కుకూ ఫార్మాట్, రీజియన్ విడిగా రాయాలనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

తెలుగు శీర్షికలను తెలుగు లిపిలో రాయడం గురించి మన లైబ్రరీలు ఇప్పటికైనా పట్టుదల చూపాలి. మార్క్ 21లో 880 అనే గది మూల లిపి కోసమే ఉంది. కోడి, జెల్లీఫిన్‌లు తెలుగు అక్షరాలను చక్కగా చూపిస్తాయి. రోమన్ లిపిలో ఒకే సినిమాను నలుగురు నాలుగు విధాలుగా రాస్తారు, వెతికితే ఒకటి దొరికి మూడు దొరకవు. తెలుగు శీర్షిక ప్రధానంగా, అట్ట మీద ముద్రించిన రోమన్ రూపం పక్కన, రెండూ ఉండాలి.

ఇన్ని పద్ధతులు చూశాక నేను సిఫారసు చేసే నమోదు పెద్దదేమీ కాదు. పేరు వరుసలో శీర్షిక, సంవత్సరం, కూర్పు, భాష. వస్తువు వరుసలో ‘బ్లూరే’, ‘బ్లూరే త్రీడీ’, ‘అల్ట్రా హెచ్‌డీ బ్లూరే’, ‘హెచ్‌డీ డీవీడీ’, ‘డీవీడీ వీడియో’, ‘డేటా డీవీడీ’ లాంటి నిర్ణీత పదాల్లో ఒకటి, ఎప్పుడూ ఒకే రూపంలో. ఒకచోట ‘బీడీ’, ఒకచోట ‘బ్లూ-రే’, ఒకచోట ‘4కె’ అని రాస్తే వెతుకులాటలో మూడు వేరు వస్తువులైపోతాయి. ఆపైన ఏ ప్లేయర్ కావాలో ఒక పూర్తి వాక్యం. మూలప్రతి గురించి అట్ట మీద చెప్పినది ఉంటే అది, మనం చూసి తెలుసుకున్నది ఉంటే విడిగా అది. డిస్కు అడుగున, బెజ్జం చుట్టూ ఉండే వలయంలో ఏటవాలు వెలుతురులో కనిపించే ముద్రణ సంఖ్యను కూడా రాసుకోమంటాను. అట్టలు మారిపోయినా, బార్‌కోడ్ చిరిగిపోయినా ఏ అచ్చులో తయారైన డిస్కో చెప్పేది అదే.

ఈ పనికి ఇక ఎక్కువ వ్యవధి లేదు. ఒప్పో 2018లో, శాంసంగ్ 2019లో ప్లేయర్ల నుంచి తప్పుకున్నాయి. సోనీ రాసుకునే బ్లూరే డిస్కుల తయారీని 2025 ఫిబ్రవరితో ఆపేసింది. కంప్యూటర్‌లో అల్ట్రా హెచ్‌డీ డిస్కును అధికారికంగా ఆడించడానికి కావలసిన భద్రతా వ్యవస్థను ఇంటెల్ తన కొత్త డెస్క్‌టాప్, ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలోంచి తీసేసింది. డిస్కును పెట్టి చూసి ఇందులో ఏముందో నిర్ధారించుకునే అవకాశం ఏటికేడు తగ్గుతోంది. డ్రైవు పనిచేస్తున్నంతలోనే ఒక్కో డిస్కునూ తెరిచి, ఫోల్డర్ పేరు, ప్లేలిస్టు, కూర్పు, భాషలు, నిడివి, ఫ్రేముల వేగం రాసిపెట్టాలి. డిస్కు నుంచి ఫైలు తీసినట్లయితే ఏ డిస్కు నుంచి, ఏ తేదీన, ఏ సాధనంతో, కుదించో కుదించకుండానో అన్నది ఆ ఫైలు పక్కనే ఒక చిన్న టెక్స్ట్ ఫైలుగా ఉంచాలి. సాఫ్ట్‌వేర్లు మారతాయి, వాటి డేటాబేసులు ఒక అప్‌డేట్‌తో చెదిరిపోతాయి. సినిమా ఉన్న ఫోల్డర్‌లోనే ఉన్న ఆ టెక్స్ట్ ఫైలు మాత్రం సినిమాతో పాటే మరో హార్డ్ డిస్కుకు వెళ్తుంది.